పాత పనిముట్ల వేట: కొత్తవాళ్లు మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలు

మేం హైదరాబాదులో ఓ పది పన్నెండు మందిమి. బ్యాంకులో పనిచేసేవాళ్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. కులవృత్తిగా వడ్రంగం చేసేవాళ్లు మాలో ఎవరూ లేరు. ఉన్నదల్లా పిచ్చి. ఆదివారం పొద్దున్నే సంతలో తిరిగి, తర్వాత ఇరానీ హోటల్లో చాయ్ కప్పులు పక్కకి జరిపి, ఎవరికి ఏం దొరికిందో బల్లమీద పెట్టి చూపించుకుంటాం. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

"ఎంతకొచ్చింది?" అంటే మీలో ఎవరూ సూటిగా చెప్పరేం?

చెప్తాం. కానీ మొత్తం ధర చెప్పాలనేది మా నియమం. అది పెట్టింది మాస్టారు.

రెండేళ్ల కిందట నాకో 4వ నంబరు చిత్రిక (చెక్కని నున్నగా తీసే పనిముట్టు, నంబరు దాని సైజుది) 350 రూపాయలకి దొరికింది. బల్లమీద పెట్టి "మూడొందల యాభై!" అన్నాను గొప్పగా. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, బిల్లు కాగితం వెనక రాయడం మొదలుపెట్టారు. "ఆటోకి ఎంత? తుప్పు రుద్దే వాటర్ పేపర్లకి? అంచు పోయిన ఆ బ్లేడు బదులు కొత్తది కొనవా? ఎన్ని ఆదివారాలు కూర్చుంటావు?" నెల తర్వాత లెక్క తేలింది. చిత్రిక 350, బ్లేడు 450, కాగితాలూ నూనే 180, ఆటో 160. మొత్తం 1,140. పైగా రెండు ఆదివారాలు, ఒక శనివారం రాత్రి. అంత పెడితే కొత్తదే వచ్చేదేమో! నాకేం విచారం లేదు, ఆ చిత్రిక ఇప్పుడు బాగా పనిచేస్తోంది. కానీ అది 350కి వచ్చిందని మాత్రం మళ్లీ అనలేదు.

ఎక్కడ దొరుకుతాయి?

ఎర్రగడ్డ ఆదివారం సంత మా అడ్డా. ఏడింటికల్లా వెళ్లాలి. పదయ్యేసరికి ఎండా, జనమూ, మంచి సరుకు పోవడమూ మూడూ ఒకేసారి జరుగుతాయి. గురువారం ఖాళీ ఉన్నవాళ్లకి జుమ్మెరాత్ బజార్ ఉంది. కొత్తవి కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్. అక్కడ ఒక్కో దుకాణం ఒక్కో రకానికి పేరు పడింది, నాలుగు మెట్లెక్కి అడిగితేగానీ తెలియదు. విజయవాడ వాళ్లకి ఆటోనగర్ ఉండనే ఉంది. పానాలు (స్పానర్లు), సాకెట్లు, వైస్‌ల (వస్తువుని బిగించి పట్టుకునేవి) కోసం అక్కడికి వెళ్లండి. వడ్రంగి సామాను అక్కడ తక్కువ.

అందరూ మర్చిపోయేది మీ వీధి చివర పాత ఇనుము కొట్టు. అతను కిలో లెక్కన కొంటాడు, కాబట్టి కిలో లెక్కనే ఆలోచిస్తాడు. "ఇలాంటివొస్తే పక్కన పెట్టన్నా" అని ఒకసారి చెప్పి, ఫోన్ నంబరిచ్చి రండి.

చిత్రిక, రందా, ప్లేనర్ వేరు వేరా?

ఒకటే. ఆంధ్రలో చిత్రిక అంటారు, హైదరాబాద్ కార్ఖానాల్లో రందా అంటారు, కొట్టువాడు ప్లేనర్ అంటాడు. అలాగే మూలమట్టం ఇక్కడ గునియా, స్పానర్ పానా, స్క్రూడ్రైవర్ పేచ్‌కస్, కటింగ్ ప్లేయర్ పక్కడ్, క్లాంప్ శికంజా. సంతలో మాత్రం ఉర్దూ మాటే వాడండి. "మూలమట్టం ఉందా భాయ్" అని మాస్టారు అడిగితే ఆ కుర్రాడు పెద్దాయన ఏదో అడ్రసు అడుగుతున్నారనుకుని మెట్రో స్టేషన్ వైపు చెయ్యి చూపించాడు.

పాతవి ఏవి కొనాలి, కొత్తవి ఏవి కొనాలి?

చిత్రికలు, ఉలులు, వైస్‌లు, పానాలు, సుత్తి తలకాయలు పాతవే కొనండి. ఆకురాళ్లు (ఫైళ్లు) ఎప్పుడూ కొత్తవే కొనాలి. అరిగిన ఆకురాయికి మళ్లీ పళ్లు రావు. పైగా ఒకదానిమీద ఒకటి కుప్పగా పోసినవైతే ఒకదాని పళ్లు ఒకటి తినేసి ఉంటాయి. టేపు, హాక్సా బ్లేడు, డ్రిల్ బిట్లు కూడా కొత్తవే. చేతి రంపం మీ ఓపికను బట్టి. పళ్లకి పదును పెట్టుకోవడం నేర్చుకుంటానంటే పాతది, లేదంటే కొత్తది.

పాత చిత్రిక చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి?

అన్నిటికన్నా ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు బోర్లా తిప్పి అడుగు చూడండి. బ్లేడు బయటికొచ్చే సందుంటుందే, దాని రెండు మూలల దగ్గర వెంట్రుకంత గీత ఉందేమో చూడాలి. పోత ఇనుము కిందపడితే మొదట పగిలేది అక్కడే. మురికి పట్టి ఉంటే ఉమ్మి తడి చేసి వేలితో రుద్దండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. పక్క గోడల మీద పసుపు రంగు సన్నటి చార కనిపిస్తే ఎవరో ఇత్తడితో అతికించారన్నమాట. అలాంటిది గూట్లో పెట్టుకోవడానికి పనికొస్తుంది.

బ్లేడు విప్పి చూపించమనండి. విప్పనివ్వకపోతే దండం పెట్టి వచ్చేయండి. పైన తుప్పుంటే ఫర్వాలేదు. బ్లేడు వెనక వైపు, అంచుకి దగ్గర్లో తుప్పు గుంటలు పడ్డాయా అన్నదే ముఖ్యం. అక్కడ గుంటలుంటే ఎంత సాన పట్టినా ఆ చోట అంచు విరుగుతూనే ఉంటుంది. గుంట దాటేవరకూ అరగదియ్యాలి. అంటే బ్లేడు పొడవు మిగిలి ఉండాలి. బ్లేడు మధ్యలో ఉండే గంటు నుంచి అంచు వరకు అంగుళం లోపే మిగిలితే, ఆ చిత్రిక ధరలో కొత్త బ్లేడు ధర కూడా కలిపి బేరం మొదలుపెట్టండి.

స్క్రూలన్నీ ఉన్నాయా లెక్క చూడండి. పాత స్టాన్లీ (అమెరికా కంపెనీ) చిత్రికల స్క్రూ మరలు బజార్లో దొరికే మామూలు బోల్టులకి సరిపోవు. "స్క్రూదేముంది సార్, ఎక్కడైనా దొరుకుతది" అన్న మాట విని నేను కొన్న 5వ నంబరు ఒకటి ఏడాదిన్నర అటకమీదే ఉంది. చివరికి అదే రకం పగిలినది ఇంకోటి కొని, దాని స్క్రూలు పీకి దీనికి పెట్టాను. మొత్తం ధర నియమం ప్రకారం అదెంతకొచ్చిందో నేనింకా మాస్టారికి చెప్పలేదు.

కొలతలు గుర్తుపెట్టుకోవాలంటే ఇవి చాలు. 4వ నంబరుకి బ్లేడు వెడల్పు 2 అంగుళాలు, మొత్తం పొడవు తొమ్మిదిన్నర దాకా. 5వ నంబరు 14 అంగుళాలు. మొదటి చిత్రిక 5 అయితే మంచిదని నా అభిప్రాయం. 4 అని వాదించేవాళ్లు మా బల్ల దగ్గరే ముగ్గురున్నారు.

పేరున్న బ్రాండని ఎలా నమ్మడం?

సంతలో ప్రతిదీ "జర్మన్ మాల్", లేదంటే "నిజాం కాలంది". నవ్వి ఊరుకోండి.

నిజంగా విలువైన ముద్రలు కొన్ని ఉన్నాయి. ఇనప చిత్రికలు రూపొందించిన అమెరికన్ లియొనార్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ 1869లో కొంది. ఈ రోజు మనకి కనిపించే ఇనప చిత్రికలు దాదాపు అన్నీ, మన దేశంలో పోసినవాటితో సహా, ఆ నమూనాకి మనవలూ మునిమనవలే. బ్లేడు మీద గుండె బొమ్మలో ఎస్, డబ్ల్యూ అక్షరాలుంటే రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంనాటి స్టాన్లీ సరుకు. ఆ గుండె కంపెనీ అధ్యక్షుడు విలియం హార్ట్ పేరు మీద పెట్టినది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన రికార్డ్ కంపెనీ నీలం రంగు చిత్రికలు 1931 నుంచి వచ్చాయి, అవి కూడా మంచివే. పానాల్లో "గెడోర్ ఇండియా" అని ముద్ర ఉన్నవి కనిపిస్తే వదలకండి. మా మెకానిక్ మిత్రులు వాటిని ఎవరికీ అరువివ్వరు.

దొంగ ముద్ర పట్టుకోవడానికి నేను చూసేది అక్షరాల అంచులు. అసలు ముద్రలో లోతు ఒకేలా ఉంటుంది. నకిలీలో ఒక అక్షరం లోతుగా, పక్కది పైపైన. ఒక్కోసారి స్పెల్లింగే తప్పు.

పానా మీద 1/4 అని ఉంది, కానీ నోరు పావు అంగుళం కన్నా చాలా పెద్దది. లోపమా?

లోపం కాదు, వయసు. అంకె పక్కన "డబ్ల్యూ" అని ఇంగ్లిష్ అక్షరం ఉందేమో చూడండి. అది విట్‌వర్త్ కొలత. 1841లో ఇంగ్లిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల పద్ధతి ఇది. ఇందులో పానా మీద రాసేది బోల్టు కాడ మందం. పానా నోటి వెడల్పు కాదు. అందుకే 1/4 అని ఉన్న పానా నోరు నిజానికి 0.525 అంగుళం, అంటే సుమారు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. "దాదాపు 13 కదా" అని మెట్రిక్ నట్టుమీద పెట్టి తిప్పితే నట్టు మూలలు గుండ్రమవుతాయి, తర్వాత అది ఏ పానాకీ రాదు.

మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లో వచ్చినా పాత యంత్రాలూ, పాత బుల్లెట్ బండ్లూ, వాటి బోల్టులూ చట్టం చూసి మారవు కదా. పాత బుల్లెట్ ఉన్నవాళ్లకి ఈ పానాలు బంగారం. మీకు అక్కర్లేకపోతే అలాంటివాళ్ల కోసం కొనిపెట్టండి, మీరడిగింది వాళ్లు తెచ్చిస్తారు.

తుప్పు ఎలా వదిలించాలి?

ఒక తప్పు చెప్పి మొదలుపెడతాను. మొదట్లో తొందరకొద్దీ టాయిలెట్ కడిగే యాసిడ్‌లో రెండు ఉలులు ముంచి, బాల్కనీలో మూత లేకుండా పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఆ ఉలుల సంగతి అటుంచి, పక్క అరలో శుభ్రం చేసి నూనె రాసి పెట్టుకున్న పానాలన్నిటికీ ఎర్రటి పొర పట్టింది. ఆ యాసిడ్ ఆవిరే చాలు ఇనుము తుప్పు పట్టడానికి. మా ఆవిడ వాషింగ్ మిషన్ తలుపు బిజాగరీ కూడా పోయింది. దాని గురించి ఇప్పటికీ వింటున్నాను.

మామూలు తుప్పుకి తెల్ల వెనిగర్ చాలు. ప్లాస్టిక్ డబ్బాలో వస్తువు మునిగేలా పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి ఇత్తడి బ్రష్షుతో తోమండి, నల్లటి బురద ఊడొస్తుంది. వెంటనే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి తీయాలి. లేకపోతే ఆ పులుపే మళ్లీ తుప్పు తెస్తుంది. ఆరాక, అరగంట లోపే నూనె. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కూడా ఇదే పని చేస్తుంది, వాసన కూడా ఉండదు. చింతపండు ఇత్తడికే బాగుంటుంది. ఇనుము మీద పనిచేస్తుంది కానీ అంత చింతపండు పాడుచేస్తే ఇంట్లో ఊరుకోరు.

నికెల్ పూత పొరలు పొరలుగా లేచిన వాటిని పులుపులో వెయ్యకండి, మిగిలిన పూత కూడా లేచిపోతుంది. కొలత గీతలున్న స్కేళ్లకి, వెర్నియర్లకి పులుపు వద్దే వద్దు. వాటికి కిరోసినూ, మెత్తటి గుడ్డా, ఓపికా.

బ్యాటరీ చార్జరు, చాకలి సోడాతో కరెంటు పద్ధతి కూడా ఉంది. పెద్ద వైస్‌లకి అదే మేలు. వస్తువు మైనస్‌కి, పనికిరాని ఇనప ముక్క ప్లస్‌కి. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుది మాత్రం కాకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్. గాలాడే చోట, నిప్పుకి దూరంగా పెట్టండి.

ఏ నూనె రాయాలి?

కుట్టుమిషన్ నూనె. వేరుశనగ నూనె రాస్తే నెలకి జిగురవుతుంది. పిడులకి అవిసె నూనె బాగుంటుంది. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తీగమీద పరిచి ఆరెయ్యండి, లేదా నీళ్లలో నానబెట్టి పారెయ్యండి. విశాఖ, కాకినాడ వాళ్లు సముద్రపు గాలికి నెలకోసారైనా పెట్టె తెరిచి తుడవాలి. హైదరాబాద్‌లో వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చాలు.

పదును పెట్టడానికి ఖరీదైన రాళ్లు కావాలా?

అక్కర్లేదు. అద్దాల కొట్లో మందపాటి అద్దం ముక్క అడగండి, తెగిన ముక్కలు తక్కువకే ఇస్తారు. దానిమీద వాటర్ పేపర్ నీళ్లతో అతికించి 220 నంబరు గరుకు నుంచి మొదలుపెట్టి 400, 1000, 2000 వరకు (నంబరు పెరిగేకొద్దీ మెత్తన) వెళ్లండి. ముందు ఉలి వెనక వైపు అద్దంలా కావాలి. మొత్తం కాదు, చివరి అంగుళం చాలు. తర్వాత ముందు వాలు 25 డిగ్రీలు, కొసన మాత్రం 30 డిగ్రీలకి నాలుగు తోపులు.

గ్రైండర్ మీద పెట్టినప్పుడు అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. అంతమేరా అరగదీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. మూడు క్షణాలు పెట్టడం, నీళ్లలో ముంచడం, అలా వెళ్లాలి.

గునియా సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో సంతలోనే ఎలా తేల్చాలి?

అట్టముక్కో, సరైన అంచున్న చెక్కో తీసుకెళ్లండి. గునియాని ఆ అంచుకి ఆనించి గీత గియ్యండి. తిరగేసి, అదే చోట ఇంకో గీత. రెండు గీతలూ కలిస్తే గునియా మంచిది. విడిపోతే, మధ్యలో కనిపించే ఎడం అసలు తేడాకి రెట్టింపు.

పాత వెర్నియర్, మైక్రోమీటర్ కొనొచ్చా?

దవడలు మూసి వెలుతురుకి ఎత్తి చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే వద్దు. మైక్రోమీటరు సున్నా కాస్త తప్పినా సరిచేసుకోవచ్చు, కానీ తిప్పుతుంటే ఒకచోట బిగుతు, ఒకచోట వదులు తగిలితే మర అరిగిందన్నమాట. వడ్రంగానికి ఇవేమీ అవసరం లేదు నిజానికి. అయినా మా పన్నెండుమందిలో తొమ్మిదిమంది దగ్గరున్నాయి.

దొంగ సొత్తు అయితే?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. ఒకే రకం కొత్త పానాలు పది, పెట్టె లేకుండా, సగం ధరకి కనిపిస్తే ఆగండి. రైల్వే ముద్ర ఉన్న వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా ముట్టుకోకండి. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనం చట్టం ప్రకారం, దొంగ సొత్తని అనుమానించదగ్గ రైల్వే వస్తువు మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది మీరే. మొదటి తప్పుకే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. వేలంలో కొన్నానంటే కాగితం అడుగుతారు. ఎర్రగడ్డలో కాగితం ఎవరిస్తారు?

బేరం ఎలా ఆడాలి?

కావలసినదాన్ని మొదట పట్టుకోకండి, అంతే. పక్కనున్న పనికిరాని రంపం ధర అడగండి, పెట్టెయ్యండి, అప్పుడు దీనివైపు చూడండి.

"ఆరు నూర్లు సార్. జర్మన్ మాల్."
"బ్లేడు లేదు కదా భాయ్."
"బ్లేడ్ ఉంటే ఆరు నూర్లకు ఎందుకిస్త సార్?"

ఈ జవాబుకి నా దగ్గర ఇప్పటికీ ఎదురు జవాబు లేదు. నాలుగొందలిచ్చి తెచ్చుకున్నాను. ఒక్క మాట, వంద రూపాయల దగ్గర ఆగిపోయి అరగంట వాదించకండి. వచ్చే ఆదివారం కూడా అతని ముందే నిలబడాలి.

అమెరికాలో ఉన్న మా బావమరిది గరాజ్ సేల్‌లో కొని తెస్తానంటున్నాడు. మంచిదేనా?

చాలా మంచిది. అక్కడ తాతలనాటి సామాను ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కొద్దిపాటి డాలర్లకే పోతుంది. రంపాల్లో డిస్టన్ పేరు చూడమనండి, ఫిలడెల్ఫియాలో 1840లో మొదలైన కంపెనీ అది. రెండు జాగ్రత్తలు. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో ఉలి తీసుకొస్తే విమానాశ్రయంలోనే వదిలేసి రావాలి. రెండోది బరువు. 7వ నంబరు చిత్రిక ఒక్కటే మూడున్నర కిలోలు. మా మిత్రుడి బావమరిది రెండు తెచ్చాడు. ఆవకాయ తీసుకెళ్లాల్సిన మనిషి వస్తూ ఇనుము మోసుకొచ్చాడని వాళ్లత్తగారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

వడ్రంగి ఇంటివాళ్లే ఆయన పెట్టె అమ్ముతుంటే బేరం ఆడొచ్చా?

మాలో ఇది పెద్ద తగాదా. నా మటుకు నేను ఆడను.

ఒకసారి జనగామ వైపు ఓ ఇంటికి వెళ్లాను. ఆయన పోయి ఆర్నెల్లయింది. కొడుకు సిటీలో మాడ్యులర్ కిచెన్ల పని చేస్తాడు, అన్నీ మిషన్లే. పెట్టె తెరిచాడు. ఉలులు అరిగి అరిగి సగానికొచ్చాయి, కానీ ఒక్కదానికీ తుప్పు లేదు. చెక్క చెక్కే బాడిస పిడి తుమ్మకర్రది. చేతికి తీసుకుంటే బొటనవేలు దానంతటదే ఒక గుంటలోకి వెళ్లి కూర్చుంది. ఎవరూ చెక్కిన గుంట కాదది. ఆయన బొటనవేలు అరగదీసింది. కొడుకు పెట్టె మొత్తానికి మూడు వేలన్నాడు, ఇచ్చాను. బాడిస ఒక్కటి తీసి అతని చేతిలో పెట్టి, "ఇది ఉంచుకో తమ్ముడూ" అన్నాను. పిడి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాకెందుకన్నా, పడి ఉంటది" అన్నాడు. తీసుకోలేదు.

ఆదివారం బల్లమీద పెట్టినప్పుడు మాస్టారు దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. పెన్ను తియ్యలేదు.

ఎక్కువైపోయినవి ఏం చేస్తారు?

దసరాకి ముందు ఆదివారం, ఆయుధపూజకి అన్నీ తుడిచి బయటపెట్టేటప్పుడు, ఏడాదిగా వాడనివి బల్లమీదికి తేవాలి. కొన్న ధరకే ఇవ్వాలి, లాభం కూడదు. శుభ్రం చేసిన ఆదివారాల లెక్క అందులో కలపకూడదు. పోయినసారి నేను 4వ నంబరు చిత్రిక ఒకటి ఇచ్చేసి, సగం ధరకి ఇంకో 4వ నంబరు తెచ్చుకున్నాను. దాని నోరు, అంటే బ్లేడు బయటికొచ్చే సందు, మొదటిదానికన్నా సన్నగా ఉంది. మా ఆవిడకి రెండూ ఒకటేనని చెప్పాను, ఆవిడ కూడా అదే అంది.